110 కిలోమీటర్ల దూరానికి 8 నిమిషాలా, 38 నిమిషాలా, 55 నిమిషాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. దగ్గర దగ్గరగా ఉన్న రెండు చిన్న ఎయిర్‌పోర్టులు. మ్యాప్ మీద గీత గీస్తే 110 కిలోమీటర్లు, రోడ్డు మీద 165. విమానానికి ఎంతసేపు పడుతుందని వెతికితే ఒక వెబ్‌సైట్ 8 నిమిషాలంది, ఇంకోటి 38 అంది, టికెట్ మీద 55 ఉంది. ఇందులో ఏది నిజం? 110 కిలోమీటర్లకి గంట పడితే అది విమానమా, బస్సా? ఇంతకీ విమానంలో వెళ్ళడం మేలా, కారులో వెళ్ళడం మేలా?

ముందు జవాబు చెప్పేస్తాను. గాల్లో ఉండేది 20 నుంచి 30 నిమిషాలు. తలుపు మూసినప్పటి నుంచి మళ్ళీ తెరిచేదాకా 40 నిమిషాలు, అటూ ఇటూగా. టికెట్ మీద 55 వేయడంలో మోసం లేదు, అది కావాలని వేసిన నంబరే. మీరు ఇంటి నుంచి బయల్దేరి అవతలి ఊళ్ళో పని ఉన్న చోటికి చేరేసరికి మూడున్నర నుంచి నాలుగు గంటలు. మధ్యలో సముద్రమో కొండలో లేకపోతే, వేరే విమానం అందుకోవాల్సిన పని లేకపోతే, కారులో వెళ్ళండి.

ఇక ఎందుకో చెప్తాను. నేను ఫ్లైట్ డిస్పాచర్‌ని. విమానం ఏ దారిన వెళ్ళాలి, ఎంత ఎత్తులో వెళ్ళాలి, ఎంత ఇంధనం పోయాలి అని లెక్క కట్టి కెప్టెన్‌తో పాటు సంతకం పెట్టేవాళ్ళం మేం. ఇరవై ఏళ్ళకు పైగా ఇదే పని, అందులో సగానికి పైగా ఇలాంటి చిన్న దూరాల టర్బోప్రాప్ విమానాలతోనే (టర్బైన్ ఇంజిన్‌తో ప్రొపెల్లర్ తిరిగేవి). పెద్ద దూరాల ప్లాన్ చేయడం కష్టం, చిన్నవి సులువు అనుకుంటారు చాలామంది. నా మటుకు నాకు చిన్నవాటితోనే తలనొప్పి ఎక్కువ.

మొదట ఆ రెండు వెబ్‌సైట్ల సంగతి. 8 నిమిషాలు ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. 110ని గంటకి 800 కిలోమీటర్ల వేగంతో భాగిస్తే 8 నిమిషాల చిల్లర వస్తుంది. అంతే, ఇంకేం లేదు. రెండోది దానికి 30 నిమిషాలు కలిపింది: 8 ప్లస్ 30, 38. టేకాఫ్‌కి, ల్యాండింగ్‌కి కలిపి ఒక అరగంట అని గంపగుత్తగా వేసేశారు. రెండు వేల కిలోమీటర్ల ప్రయాణానికి ఈ లెక్క బాగానే సరిపోతుంది. మీ 110కి పనికిరాదు. ఎందుకంటే ఆ 800 వేగాన్ని మీ విమానం ఆ దారిలో ఒక్క సెకను కూడా అందుకోదు. ఏటీఆర్ 72 లాంటి టర్బోప్రాప్ అయితే దాని పూర్తి వేగమే గంటకి 500 కిలోమీటర్ల చిల్లర. అదీ పైకి వెళ్ళి, ఒక ఎత్తులో స్థిరపడ్డాక వచ్చే మాట.

దూరం లెక్క మటుకు ఆ సైట్లు సరిగ్గానే ఇస్తాయి. ఒక్కటి చూసుకోండి, అవి ఇచ్చింది ఎయిర్‌పోర్టు నుంచి ఎయిర్‌పోర్టుకా, ఊరి నడిబొడ్డు నుంచి ఊరి నడిబొడ్డుకా అని. చిన్న దూరాల్లో ఈ తేడాయే పది, ఇరవై కిలోమీటర్లు ఉంటుంది. భూమి గుండ్రంగా ఉంది కదా, మ్యాప్ మీద సరళరేఖ అసలు దారి కాదు కదా అని కొందరు అడుగుతారు. ఖండాలు దాటే ప్రయాణానికి అది పెద్ద విషయమే. 110 కిలోమీటర్లకి ఆ ఒంపు వల్ల వచ్చే తేడా లెక్కలోకి రాదు.

నమ్మకం లేకపోతే కాగితం మీద మీరే కట్టుకోవచ్చు. మేం నేర్చుకునే రోజుల్లో ఇలాగే కట్టించేవాళ్ళు. అక్షాంశంలో ఒక నిమిషం (గడియారం నిమిషం కాదు, డిగ్రీలో అరవయ్యో వంతు) అంటే ఒక నాటికల్ మైలు, అంటే 1,852 మీటర్లు. రేఖాంశంలో నిమిషం మాత్రం భూమధ్యరేఖ దగ్గరే అంత ఉంటుంది, ధ్రువాల వైపు పోయేకొద్దీ కుంచించుకుపోతుంది. ఉదాహరణకి రెండు ఎయిర్‌పోర్టులూ 30 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్నాయనుకోండి. వాటి మధ్య అక్షాంశంలో తేడా 36 నిమిషాలు, రేఖాంశంలో 55. అక్కడ రేఖాంశాన్ని 0.866తో (30 డిగ్రీల కొసైన్) గుణించాలి: 55 కాస్తా 47.6 అవుతుంది. ఇప్పుడు 36, 47.6 లంబకోణ త్రిభుజానికి రెండు భుజాలు. కర్ణం 59.7 నాటికల్ మైళ్ళు, అంటే 110 కిలోమీటర్ల పైన ఒక పిసరు. స్కూల్లో చదివిన పైథాగరస్ సిద్ధాంతం చాలు. ఈ లెక్కకి సైట్ ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు, అది వేరే సంగతి.

కాబట్టి 110 నిజమే. కానీ విమానం 110 ఎగరదు. అసలు కథంతా ఇక్కడే ఉంది.

దగ్గరి ఎయిర్‌పోర్టుల మధ్య సమయాన్ని నిర్ణయించేది మధ్యనున్న దూరం కాదు, తలా తోకా. ఎక్కడం, దిగడం, రెండు చివర్లా తిరిగే మలుపులు.

ఏటీఆర్ లాంటి విమానం పదివేల అడుగులు ఎక్కడానికి బరువుని బట్టి, ఎండని బట్టి 8 నుంచి 10 నిమిషాలు పడుతుంది. ఈలోపు అది ముందుకి 25, 30 నాటికల్ మైళ్ళు వెళ్ళిపోతుంది. దిగడానికి మాకొక బండ లెక్క ఉంది. మూడు డిగ్రీల వాలున దిగితే వెయ్యి అడుగులకి సుమారు మూడు నాటికల్ మైళ్ళు కావాలి. పదివేలు దిగాలంటే 30 పైచిలుకు. రెండూ కలపండి, 60 అయిపోయింది. మీ మొత్తం దూరం కూడా 60! అంటే ఎక్కడం పూర్తవగానే దిగడం మొదలుపెట్టాలి. మధ్యలో సాఫీగా ఎగిరే ముక్క లేదు. అందుకే ఇలాంటి దూరాలకి పదివేల దాకా కూడా వెళ్ళకుండా ఏ ఏడువేలో ఎనిమిదివేలో అడిగి తీసుకుంటాం. సీటు బెల్టు గుర్తు ఆరితే ఆరుతుంది, లేకపోతే లేదు. కాఫీ మాట మర్చిపోండి.

పెద్ద జెట్ విమానం పెడితే తొందరగా వెళ్తుంది కదా అని అడగొచ్చు. వెళ్ళదు. అది తనకి నచ్చిన 35,000 అడుగుల ఎత్తుకి చేరడానికే వంద నాటికల్ మైళ్ళ పైన కావాలి. మీ దూరంలో అది కూడా కిందనే తచ్చాడాలి. చాలా దేశాల్లో పదివేల అడుగుల లోపల 250 నాట్ల వేగం దాటకూడదని నిబంధన ఉంది. నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు, కాబట్టి ఇది గంటకి 460 కిలోమీటర్ల చిల్లర. గుర్రాన్ని తెచ్చి గుమ్మానికి కట్టేసినట్టు. పైగా ఆ ఎత్తులో జెట్ ఇంజిన్ ఇంధనం తాగినట్టు ఇంకెక్కడా తాగదు.

ఇక మలుపులు. మీరు అడక్కపోయినా దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఇది బయట ఎవరూ చెప్పరు.

విమానం మామూలుగా గాలికి ఎదురుగా లేస్తుంది, గాలికి ఎదురుగానే దిగుతుంది. రన్‌వేకి రెండు కొనలు, గాలిని బట్టి ఏదో ఒక కొన వాడతారు. ఇప్పుడు మీరు పడమర నుంచి తూర్పుకి వెళ్తున్నారనుకోండి, రెండు ఎయిర్‌పోర్టుల రన్‌వేలూ తూర్పు పడమరలుగానే ఉన్నాయనుకోండి. తూర్పు గాలి వీస్తోంది. విమానం తూర్పుకే లేస్తుంది, ముక్కుసూటిగా గమ్యం వైపే పోతుంది. అవతలి ఎయిర్‌పోర్టులోనూ అదే గాలి. అక్కడా తూర్పు ముఖంగానే దిగాలి, అంటే వచ్చింది వచ్చినట్టు నేరుగా దిగిపోవచ్చు. ఒక్క మలుపు లేదు.

మర్నాడు పడమటి గాలి. విమానం పడమరకి లేవాలి, అంటే గమ్యానికి వీపు చూపించి. కొంత ఎత్తు వచ్చాక వెనక్కి తిరగాలి. అవతల చేరాక కూడా పడమర ముఖంగా దిగాలి కాబట్టి ఎయిర్‌పోర్టుని దాటి తూర్పుకి పోయి, అక్కడ చుట్టూ తిరిగి వెనక్కి రావాలి. కిటికీలోంచి మీకు దిగాల్సిన రన్‌వే కింద కనబడుతూనే ఉంటుంది, విమానం దాన్ని దాటి వెళ్ళిపోతూ ఉంటుంది. "దాటిపోయాడండీ పైలట్" అని పక్కసీటాయన కంగారు పడేది ఇలాంటప్పుడే.

ఇందులో తమాషా ఏమిటంటే, ఇలాంటి జత మధ్య ఎదురుగాలి ఉన్న రోజే త్వరగా చేరతాం, వెనకగాలి ఉన్న రోజు ఆలస్యం. దూర ప్రయాణాల్లో దీనికి పూర్తిగా తలకిందులు. కారణం, దగ్గరి ఎయిర్‌పోర్టుల్లో గాలి దాదాపు ఒకేలా ఉంటుంది. లాభమైతే రెండు చివర్లా లాభం, నష్టమైతే రెండు చివర్లా నష్టం. నేను ప్లాన్ చేసిన ఒక జతలో ఒకే వారంలో, అదే విమానంతో ఒకరోజు గాల్లో ఉన్నది 20 నిమిషాలు, ఇంకోరోజు 29. ఆ 20 వచ్చిన రోజున 15 నాట్ల ఎదురుగాలి. 60 నాటికల్ మైళ్ళ దూరంలో ఆ ఎదురుగాలి వల్ల పోయేది ఒకటిన్నర నిమిషమే. మలుపుల వల్ల పోయేది తొమ్మిది, పది.

కొత్తగా చేరినప్పుడు నాకిది తెలియదు. గాలి వెనక నుంచి ఉంది కదా అని సమయం తగ్గించి ప్లాన్ ఇచ్చాను. దిగొచ్చిన కెప్టెన్ కాగితం మీద నా అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, పక్కన రన్‌వే బొమ్మ వేసి, విమానం తిరిగిన దారి గీత గీసి ఇచ్చారు. పూసల్లేని గాజులా ఉంది ఆ గీత. ఆ కాగితం చాలా రోజులు నా డెస్కు అద్దం కింద ఉండేది.

రన్‌వేలు అడ్డంగా ఉంటే, అంటే మీ దారి తూర్పుకి, రన్‌వేలు ఉత్తర దక్షిణాలకి ఉంటే, ఈ తేడా బాగా తగ్గిపోతుంది. రెండు వైపులా తలో మలుపు, ఏ రోజైనా ఒకటే.

వీటికి తోడు ఏటీసీ, అంటే నేల మీద నుంచి విమానాల రాకపోకల్ని నడిపించే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ వాళ్ళు, గీసి ఉంచిన దారులు ఉంటాయి. లేవగానే ఎటు పడితే అటు తిరగడానికి లేదు. ఫలానా పాయింటు దాకా వెళ్ళి, ఫలానా ఎత్తు వచ్చాక తిరగాలని ముందే గీసి ఉంటుంది. దిగేటప్పుడూ అంతే. పక్కనే సైనిక స్థావరం ఉంటే దాని గగనతలం చుట్టూ తిరిగిపోవాలి. మీ 60 నాటికల్ మైళ్ళు మామూలు రోజున 80, 85 అవుతాయి. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ నెమ్మదిగా వెళ్ళేది కలుపుకుంటే సగటు వేగం 200 నాట్లు. 85ని 200తో భాగిస్తే 25 నిమిషాలు చిల్లర. మొదట్లో చెప్పిన 20 నుంచి 30 అనే జవాబు ఇలా వచ్చిందే.

దిగే చోట ముందు ఇంకో విమానం ఉంటే గాల్లో చక్కర్లు కొట్టిస్తారు. దాని కొలత కూడా లెక్కగానే ఉంటుంది: మలుపుకి ఒక నిమిషం, తిన్నగా ఒక నిమిషం, మళ్ళీ మలుపు, మళ్ళీ తిన్నగా. ఒక చక్కరు 4 నిమిషాలు. రెండు చక్కర్లు కొడితే మీ ప్రయాణంలో మూడోవంతు పెరిగినట్టే.

ఇప్పుడు టికెట్ మీది 55. అది గాల్లో ఉండే సమయం కాదు. విమానం కదలకుండా చక్రాల కింద పెట్టిన చాక్స్ అనే దిమ్మలు తీసిన క్షణం నుంచి, అవతల మళ్ళీ చాక్స్ పెట్టే క్షణం దాకా. మేం బ్లాక్ టైమ్ అంటాం. రన్‌వే దాకా నడిపించుకెళ్ళడానికి 8 నిమిషాలు, అవతల దిగి నిలబెట్టడానికి 5 వేసుకోండి. చిన్న ఎయిర్‌పోర్టుల్లో ఒక పేచీ ఉంది. చాలా చోట్ల రన్‌వే పక్కన సమాంతరంగా టాక్సీ దారి ఉండదు. విమానం రన్‌వే మీదనే ఆ చివరి దాకా నెమ్మదిగా వెళ్ళి, అక్కడ వెనక్కి తిరిగి, అప్పుడు లేవాలి. దీన్ని బ్యాక్‌ట్రాక్ అంటారు. ఒక్కోసారి నాలుగైదు నిమిషాలు దీనికే. ఒక విమానం బ్యాక్‌ట్రాక్ చేస్తున్నంతసేపూ ఇంకోటి దిగడానికి లేదు, అది పైన చక్కర్లు కొట్టాల్సిందే.

25, 8, 5 కలిపితే 38. మీ రెండో వెబ్‌సైట్ చెప్పిన అంకె ఇదే కదా అంటారేమో. అవును, అదే వచ్చింది, కానీ గుడ్డివాడి చేతి రాయి తగిలినట్టు తగిలింది. ఇదే లెక్కతో అది 60 కిలోమీటర్లకి 34 నిమిషాలు చెబుతుంది, 200 కిలోమీటర్లకి 45 చెబుతుంది. రెండోది టర్బోప్రాప్‌తో మామూలు రోజున అయ్యే పని కాదు.

మిగిలిన 17 నిమిషాలు? అది మెత్త, అంటే ఆలస్యాలకి ముందే కలిపి ఉంచిన అదనం. విమానం చెప్పిన సమయానికి 15 నిమిషాల లోపు చేరితే సమయానికి చేరినట్టే లెక్క అని ఈ రంగంలో ఎక్కువగా వాడే కొలత. ఆ కొలతలో మంచి మార్కులు కావాలంటే షెడ్యూల్‌లో కాస్త ఎక్కువ వేసుకోవడమే తేలిక. గత సీజన్‌లో ఇదే దారిలో విమానాలు నిజంగా ఎంతసేపు తీసుకున్నాయో చూసి, అందులో ఎక్కువ శాతం ఇమిడిపోయేలా ఒక అంకె పెడతారు. అందుకే మీ విమానం ఇరవై నిమిషాలు లేటుగా కదిలి కూడా "సమయానికి చేరాం" అని ప్రకటించగలదు. దీన్ని మోసం అనేవాళ్ళున్నారు. నా ఉద్దేశంలో కాదు. మీరు 38 చూసి అవతల మీటింగ్ పెట్టుకుంటే నష్టపోయేది మీరే.

ఇంకో కారణం కూడా ఉంది. చిన్న దూరాల విమానం రోజుకి ఎనిమిది ట్రిప్పులు తిరుగుతుంది, ఒక్కోసారి పది. పొద్దున ఒక చోట పావుగంట పోతే, సాయంత్రం దాకా అది తరుగుతుందో పెరుగుతుందో ఆ రోజు అదృష్టం. ఎలాగూ విమానమే ఎక్కాలనుకుంటే పొద్దున మొదటి ట్రిప్పు తీసుకోండి. మధ్యాహ్నం ఎండకి నేల వేడెక్కి గాలి పైకి తన్నుతుంది, తక్కువ ఎత్తులో వెళ్ళే విమానానికి కుదుపులు ఎక్కువ. కడుపులో తిప్పే అలవాటు ఉన్నవాళ్ళకి ఇది ఇంకో కారణం.

ఇంధనం సంగతి వింటే మీకు నవ్వొస్తుంది. ఆ 25 నిమిషాలకి కాల్చే ఇంధనం కంటే, కాల్చకుండా మోసుకెళ్ళేది ఎక్కువ. ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) నిబంధనల ప్రకారం టర్బైన్ ఇంజిన్ విమానం చివరి నిల్వగా 1,500 అడుగుల ఎత్తులో 30 నిమిషాలు తిరగగలిగేంత ఉంచుకోవాలి. దాన్ని ముట్టుకోవడానికి లేదు. దానికి తోడు, గమ్యంలో దిగలేకపోతే ఇంకో ఎయిర్‌పోర్టుకి వెళ్ళడానికి కావలసింది. ఆపైన దారి ఖర్చులో 5 శాతమో ఎంతో అనుకోని వాటికి. జెట్లకి ఇందులోంచి ఇంకో చిక్కు పుడుతుంది. లేచేటప్పుడు ఉండగల బరువు కంటే దిగేటప్పుడు ఉండగల బరువు తక్కువ. దూరం వెళ్తే ఇంధనం కరిగి బరువు తగ్గుతుంది. ఇక్కడ కరిగేలోపే దిగాలి. నిండా ఇంధనం పోసుకుని పక్క ఊరికి వెళ్ళడానికి లేదు.

ఆ "ఇంకో ఎయిర్‌పోర్టు" విషయంలో నేనొకసారి బాగా దెబ్బతిన్నాను. శీతాకాలం, తెల్లవారుజాము. గమ్యానికి ప్రత్యామ్నాయంగా దగ్గర్లో ఉన్న చిన్న ఎయిర్‌పోర్టుని రాశాను. దగ్గరైతే ఇంధనం తక్కువ పోయొచ్చు, నలుగురు ప్రయాణికుల్ని ఎక్కువ ఎక్కించొచ్చని నా తెలివి. కాగితాల మీద అంతా సక్రమమే, వాతావరణ సూచన కూడా హద్దుల్లోనే ఉంది. కెప్టెన్ చూసి, "పక్కింట్లో మంచు కురిస్తే మనింట్లో కురవదా?" అని దూరంగా ఉన్న పెద్ద ఎయిర్‌పోర్టు రాయించుకుని, అదనంగా ఇంధనం పోయించుకుని వెళ్ళారు. గంట తిరక్కుండా రెండూ పొగమంచులో మునిగాయి. విమానం ఆ పెద్ద ఎయిర్‌పోర్టులో దిగింది. అప్పటి నుంచి నేను దగ్గరి ప్రత్యామ్నాయాన్ని మంచు రోజుల్లో రాయను. గాలి ఎలా ఒకటే ఉంటుందో, మంచూ అంతే. మీకిది ఎందుకు చెప్తున్నానంటే, మీ విమానం రద్దయితే పక్క ఎయిర్‌పోర్టు నుంచి వెళ్దామని మీరు కూడా అనుకుంటారు. పొగమంచు వల్ల రద్దయితే అక్కడా అదే కథ ఉండే అవకాశం ఎక్కువ.

లోకంలో ఇంతకంటే చిన్న విమాన ప్రయాణాలు ఉన్నాయి. స్కాట్లండ్‌కి ఉత్తరాన ఆర్క్నీ దీవుల్లో వెస్ట్రే, పాపా వెస్ట్రే అని రెండు చిన్న దీవులు. మధ్య దూరం 2.7 కిలోమీటర్లు. 1967 నుంచి లోగన్ఎయిర్ వాళ్ళు చిన్న ఐలాండర్ విమానం నడుపుతున్నారు. టైమ్ టేబుల్‌లో రెండు నిమిషాలు, గాలి అనుకూలిస్తే నిమిషంలోపు, రికార్డు 53 సెకన్లు. అక్కడ మధ్యలో నీళ్ళున్నాయి, ఆ విమానానికి చిన్న రన్‌వే చాలు, ఏటీసీ మలుపులు లేవు. అందుకే అది నిలబడింది. దానికి పోటీగా 2016 నవంబరులో స్విట్జర్లండ్‌లోని ఆల్టెన్‌రైన్ నుంచి జర్మనీలోని ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌కి, కాన్‌స్టాన్స్ సరస్సు మీదుగా జెట్ విమానం పెట్టారు. 20 కిలోమీటర్ల చిల్లర, 8 నిమిషాలు. అక్కడ సరస్సు చుట్టూ రోడ్డుంది, పడవలున్నాయి. పర్యావరణం గురించి తిట్లూ తిన్నారు. 2017 వసంతానికల్లా ఆ ముక్క ఎత్తేశారు.

టికెట్ మీది సమయాలు చూసేటప్పుడు ఇంకో జాగ్రత్త. రెండూ స్థానిక సమయాలే, బయల్దేరేది ఇక్కడి గడియారం ప్రకారం, చేరేది అక్కడి గడియారం ప్రకారం. దగ్గరి ఊళ్ళ మధ్య దీనితో పనేముంది అనుకోకండి. పసిఫిక్ సముద్రంలో సమోవా, అమెరికన్ సమోవా మధ్య దూరం వంద కిలోమీటర్ల పైచిలుకే. సమోవా 2011 డిసెంబరు 30ని క్యాలెండర్లోంచి తీసేసి, తేదీ రేఖకి అవతలి వైపుకి మారింది. ఇప్పుడు రెండింటి మధ్య 24 గంటల తేడా. అమెరికన్ సమోవాలో అరగంట చిల్లర విమానం ఎక్కి సమోవాలో మర్నాడు దిగొచ్చు, తిరుగు ప్రయాణంలో నిన్నటికి వెళ్ళొచ్చు.

ఇలాంటి చిన్న ట్రిప్పుల వల్ల విమానానికేం కాదా అని మీ ప్రశ్న కింద ఇంకొకరు అడిగారు. అవుతుంది. విమానం వయసుని ఏళ్ళలోనే కాదు, ఎన్నిసార్లు లేచి దిగిందో దాన్ని బట్టి కూడా లెక్కిస్తారు. లేచిన ప్రతిసారీ లోపలి గాలి ఒత్తిడికి పెంకు ఉబ్బుతుంది, దిగినప్పుడు తగ్గుతుంది. తీగని వంచుతూ ఉంటే తెగినట్టు, లోహం అలిసిపోతుంది. 1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ 737 విమానానికి గాల్లో ఉండగానే ముందు భాగం పైకప్పు ఊడిపోయింది. దీవుల మధ్య చిన్న ట్రిప్పులు తిరిగిన విమానం అది. 35,496 గంటలు ఎగిరింది, 89,680 సార్లు లేచి దిగింది. భాగించి చూడండి, సగటున ట్రిప్పుకి 24 నిమిషాలు కూడా లేదు. సముద్రపు ఉప్పుగాలి, తుప్పు, అతుకులు వదిలేయడం, అన్నీ కలిశాయి. ఒక క్యాబిన్ సిబ్బంది ప్రాణం పోయింది, అయినా పైలట్లు విమానాన్ని దింపగలిగారు. ముసలి విమానాల తనిఖీ పద్ధతులు ఆ తర్వాతే గట్టిపడ్డాయి. కాబట్టి భయపడక్కర్లేదు, ఇప్పుడు ఆ లెక్కలు చాలా కచ్చితంగా పెడతారు.

ఇక కారా, విమానమా. మీ అంకెలతోనే చూద్దాం. ఇంటి నుంచి ఎయిర్‌పోర్టుకి 45 నిమిషాలు. విమానం సమయానికి గంటంపావు ముందు ఉండాలి, కౌంటర్ 45 నిమిషాల ముందో గంట ముందో మూసేస్తారు కాబట్టి దీంట్లో బేరం లేదు. టికెట్ మీది 55. పెట్టె కోసం 20. అవతల ఊళ్ళోకి 40. మొత్తం 3 గంటల 55 నిమిషాలు. కారులో 165 కిలోమీటర్లు, సగటున 60 వేగం అనుకున్నా 2 గంటల 45 నిమిషాలు. విమానం 55 నిమిషాలకి బదులు మీ మొదటి వెబ్‌సైట్ చెప్పినట్టు 8 నిమిషాల్లోనే చేర్చినా 3 గంటల 8 నిమిషాలు అవుతుంది, అప్పుడూ కారే ముందు చేరుతుంది! ఫ్రాన్స్‌లో 2023లో, కాలుష్యం తగ్గించడానికి, రైలులో రెండున్నర గంటల్లోపు వెళ్ళగలిగే చోట్లకి విమానాలు ఆపారు. పారిస్ ఓర్లీ నుంచి నాంట్, లియాన్, బోర్డోలకి.

నేనైతే నేరుగా 200 కిలోమీటర్ల లోపు దూరానికి, రోడ్డు బాగుంటే, విమానం ఎక్కను. విమానాల ఆఫీసులో కూర్చుని ఇది చెప్తున్నానని నవ్వకండి. మూడు సందర్భాల్లో మాత్రం ఎక్కుతాను. మధ్యలో నీళ్ళో కొండలో ఉండి రోడ్డు మూడింతలు తిరిగి వస్తుంటే. ఎక్కువసేపు కూర్చోలేని పెద్దవాళ్ళు వెంట ఉంటే. అవతలి ఎయిర్‌పోర్టు నుంచి ఇంకో దూరపు విమానం ఎక్కాల్సి ఉంటే. ఈ మూడోది ముఖ్యం, కానీ రెండు ప్రయాణాలూ ఒకే టికెట్ మీద ఉండాలి. అప్పుడు మొదటిది లేటయితే రెండోదాని సంగతి చూసుకోవాల్సింది వాళ్ళే. విడివిడిగా కొని మధ్యలో గంటంపావు పెట్టుకుని, చివర్లో టెన్షన్ పడేవాళ్ళని నేను కౌంటర్ వెనక నుంచి చాలామందిని చూశాను.

చివరగా, మీ దారిలో విమానం నిజంగా ఎంతసేపు ఎగురుతోందో మీరే చూసుకోవచ్చు. ఫ్లైట్ ట్రాకింగ్ సైట్లలో ఆ ఫ్లైట్ నంబరు కొట్టి వెనకటి పది రోజులు చూడండి. గేటు సమయాలు వదిలేయండి, టేకాఫ్, ల్యాండింగ్ సమయాల మధ్య తేడా రాసుకోండి. అంకెలు రెండు గుంపులుగా కనిపిస్తే, కొన్ని 20 దగ్గర, కొన్ని 29 దగ్గర, మీ రెండు రన్‌వేలూ మీ దారి వెంటే ఉన్నాయన్నమాట. రన్‌వే నంబరుకి పక్కన ఒక సున్నా పెడితే దాని దిక్కు వస్తుంది: 09 అంటే 90 డిగ్రీలు, తూర్పు, రెండో కొన 27, పడమర. మీ రెండు ఎయిర్‌పోర్టుల నంబర్లూ, ఏది ఏ దిక్కున ఉందో రాయండి, ఏ గాలికి త్వరగా చేరతారో చెప్తాను.